ఒంటికన్ను కారు, అక్క చెప్పిన నిమ్మకాయ

మహబూబాబాద్‌లో నేను కొన్న పాత కారును పురావస్తు శాఖ వాళ్లు ఇంకా ఎందుకు స్వాధీనం చేసుకోలేదో నాకు తెలియదు. బానెట్ ఎత్తితే వచ్చే చప్పుడుకు జనగామలో మా వీధి కుక్కలన్నీ లేచి నిలబడి గౌరవ వందనం చేస్తాయి. డ్రైవరు పక్క సీటు ఒక్కటే కొత్తగా ఉంటుంది. దానిలో ఎవరూ కూర్చోరు. మా ఆవిడ పోయిన తరువాత కొన్న బండి అది.

కొన్నది ఒకే పనికి. భూపాలపల్లి దాటాక, కాటారంలో మా అక్క ఒక్కతే ఉంటుంది. ప్రతి ఆదివారం పోయి, ఆమె వండిన దాంట్లో సగం తిని, మిగతా సగం డబ్బాల్లో తెచ్చుకోవాలి. పొద్దు వాలందే ఆమె నన్ను కదలనివ్వదు. అందుకే, ఎడమ హెడ్‌లైటు వెలగడం లేదని ఫోన్లో నోరు జారగానే తీర్పు వెలువడింది.

"రొండు కండ్లు వెలిగితెనే రా. ఒంటికన్ను బండేసుకొని వస్తే గేటు తియ్య. లారీలోడు నిన్ను సైకిల్ మోటరనుకుంటడు."

"బస్సుల వస్తనక్కా."

"బస్సయితే తిన్న చెయ్యి ఆరకముందే ఉరుకుతవు. గదేం రాకడ?"

ఆదివారాలు జనగామలోనే గడవడం మొదలయ్యాయి. అవి ఎంత పొడుగంటే, పొద్దున పోసుకున్న చాయ్ చల్లారేలోగా ఒక ప్రభుత్వం మారిపోవచ్చు. మెకానిక్ "రేపొస్త" అన్నాడు. ఆ రేపు కోసం చూసి చూసి, నేనే స్క్రూడ్రైవర్ పట్టాను.

ఎడమ బల్బు తీసి కుడివైపు పెడితే సూర్యుడిలా వెలిగింది. బల్బు నిర్దోషి. ఫ్యూజు తీసి చూస్తే లోపలి తీగ తెగలేదు. అదీ నిర్దోషే. ఇక మిగిలినవి వైర్లు. అవి పెళ్లింట్లో చుట్టాల్లాంటివి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు.

సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేసి, లైటు వేసి ఎక్సలేటర్ తొక్కితే ఎడమవైపు ఏదో మినుకుమన్నట్టు అనిపించింది. ఎండలో ఏమీ తేలలేదు. దిగి ముందుకు ఉరికేసరికి ఆరిపోయి ఉంది. ఎక్కాను, తొక్కాను, దిగాను, ఉరికాను. ఒలింపిక్స్‌లో ఈ ఆట లేకపోవడం దేశానికి నష్టం. హెడ్‌లైటు బాగు చేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తొక్కాలి, ఒకరు ముందు నిలబడి "వెలిగింది" అనాలి. మా స్కూటరుకు ఆ పని మా ఆవిడ చేసేది. వెలిగినా వెలగకపోయినా "అన్నం సల్లారుతుంది" అనేది.

చివరికి బండి ముందు బకెట్టు బోర్లించి, దాని మీద ఫోను ఇటుకకు ఆనించి, అక్కకు వీడియో కాల్ చేశాను.

"అక్కా, ఎడమ లైటు మీద కన్నేసి ఉంచు."

"ఏ ఎడమ? నీదా, నాదా?"

"నిమ్మకాయ ఏలాడే దిక్కు."

"ఓర్నీ! గా నిమ్మకాయ ఎన్నడు కట్టినవురా? కిస్‌మిస్ లెక్కయింది!"

దిష్టి తగలకుండా అమావాస్య అమావాస్యకు కొత్తది కట్టమన్నది ఆమే. నేనేమో నిమ్మకాయను, మిరపకాయలను ఇనుప తీగకు గుచ్చి, బానెట్ కింద చేతికందిన మొదటి బోల్టుకు చుట్టి, తీగను ముందుకు వేలాడదీసేవాణ్ణి.

ఎక్సలేటర్ తొక్కాను.

"వెలిగింది! ఆగు... ఆరింది. మళ్ల వెలిగింది. ఏందిరా గిది, నిమ్మకాయ ఊగితే వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది?"

ఆమె చూస్తున్నది లైటును కాదు, తన నిమ్మకాయను. దిగి ఆ బోల్టు చూశాను. హెడ్‌లైటు ఎర్త్ వైరు బిగించిన చోటు అదే. బండి ఒంట్లోకి కరెంటు తిరిగి పోయే ఆ దారిలో నేను ఇనుప తీగ ఇరికించి, నెలనెలా నిమ్మరసంతో అభిషేకం చేశాను. తుప్పు కేకులా పొంగి వైరును వదులు చేసింది. ఇంజిను అదిరి తీగ ఊగినప్పుడే అది బోల్టుకు తగులుతోంది. తీగ పీకేసి, గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించాను.

"లైటార్పింది నీ నిమ్మకాయేనక్కా."

"నిమ్మకాయకేం రోగం? నీకు కట్టుడు రాదు. దారంతోని బంపరుకు కడతరు గని, కరెంటుకు కడతరా ఎవలన్న?"

సీట్లో కూర్చుని స్విచ్ వేశాను.

"వెలిగింది తమ్మీ! రొండు కండ్లు! ఆదివారం రా, చింతచిగురు పప్పు చేస్త."

"వస్తనక్కా."

పని అయిపోయింది. దిగి ఫోను కట్ చేయాలి. ఆదివారం ఇంకా చాలా దూరంలో ఉంది. నేను సీట్లోంచి లేవలేదు.

"అక్కా, జర మళ్లొకసారి సూడు." స్విచ్ ఆర్పి, మళ్లీ వేశాను.

"వెలిగింది."

ఇంకోసారి ఆర్పి, వేశాను.

"వెలిగింది. గని తమ్మీ, జర మసకగ కొడుతున్నట్టుంది. మళ్లొకసారి ఎయ్యి."

అప్పటికి పొద్దు వాలింది. రెండు లైట్ల వెలుగులో ఎదుట ఖాళీ ప్లాటులో తుమ్మచెట్టు ముళ్లు కూడా లెక్కపెట్టేంత తెల్లగా కనిపిస్తున్నాయి. స్విచ్ ఆర్పాను. మళ్లీ వేశాను.