ఏడో నంబరు

మా ఊళ్ల మీదుగా తిరిగే బస్సుల్లో సీట్లకు నంబర్లు ఎందుకు వేస్తారో నాకు ఈనాటికీ అర్థం కాదు. ఆ నంబరు చూసి కూర్చున్న మనిషి నాకు కనబడలేదు. వినుకొండలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువాలు పడుతుంది. సీటు ఆ తువాలుది. ఆ పొద్దున నేను ఒక తువాలు పక్కన ముప్పావుగంట నిలబడి ప్రయాణం చేశాను. దాని తాలూకు మనిషి టీ తాగుతూ బస్సు మిస్సయినట్టున్నాడు. అయినా దాన్ని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

డీఎడ్ రెండో ఏడాదిలో టీచింగ్ ప్రాక్టీసుకి నన్ను నూజెండ్ల దగ్గర ఒక ఊరి బడికి వేశారు. రెండు గదులు, ఒక వరండా, ఒక పెద్ద మేడం. నెలలో మొదటి రోజు అది. మొదటి రోజే పిల్లల్ని పరిచయం చేసుకోవాలని కాలేజీలో చెప్పి పంపారు. ఎట్లా చేసుకోవాలో మాత్రం చెప్పలేదు. జోకులతో నెట్టుకొద్దామనుకున్నాను. అప్పటికి నాకు వచ్చిన విద్య అదొక్కటే.

మేడం నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "చేతిరాత బాగుంటదా బాబూ?"

"పర్లేదు మేడం."

"అయితే కూర్చో."

నాలుగో తరగతి హాజరుపట్టీ నా ముందు పెట్టింది. కొత్త నెల వస్తే పాత పేజీలో పేర్లన్నీ కొత్త పేజీలోకి ఎక్కించాలి. ఎవరైనా బడి నుంచి పోతే వాళ్ల పేరు మీద ఎర్రసిరా గీత ఉంటుంది. ఆ పేరు వదిలేసి, కిందివాళ్లని ఒక్కో నంబరు పైకి జరపాలి. ఏడో పేరు మీద గీత ఉంది. వదిలేశాను. ఎనిమిదిని ఏడు చేశాను, తొమ్మిదిని ఎనిమిది చేశాను. అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. మేడం చూసి మెచ్చుకుంది. ఇంకేదో చెప్పబోయింది గానీ, గుడ్లు వచ్చాయని వంటామె పిలిస్తే వెళ్లిపోయింది.

తరగతిలో పిల్లలు లేచి రాగం తీసి గుడ్ మార్నింగ్ చెప్పారు. హాజరు మొదలుపెట్టాను. ఒకటి నుంచి ఆరు దాకా బండి బాగానే నడిచింది.

"ఏడు."

ఎవరూ పలకలేదు.

"ఏడు ఎవరర్రా? నేనా?"

రెండో వరసలో ఒక పిల్ల, పక్కన ఇంకొకరికి చోటు వదిలి కూర్చుని, నా చేతిలో పుస్తకం వైపే చూస్తోంది. నాకు విషయం అర్థమైందనుకున్నాను. పాత నంబర్ల అలవాటు. ఎర్రగీత అంటే టీసీ తీసుకుని కాన్వెంటుకి పోవడమనే నాకు తెలుసు.

"పాత ఏడో నంబరు కాన్వెంటుకి పోయింది. అందుకని ఇవాళ అందరికీ ప్రమోషన్. ఎనిమిదో నంబరు ఎవరో గానీ, నువ్వే ఇప్పుడు ఏడు. లేచి స్వీట్లు పంచు తల్లీ."

నా జోకులకు నవ్వనివాళ్లను కాలేజీలో చానామందిని చూశాను. వాళ్లు కనీసం తిట్టేవాళ్లు.

ముందు వరసలోంచి ఒకడు అన్నాడు: "అది కాన్వెంటుకి పోలా సార్. మిరప చేలో పాము కరిచి చచ్చిపోయింది."

వాడి పక్కనున్న పిల్ల వాణ్ణి గిల్లింది. "ఒరేయ్, అట్ట చెప్పమాక. వాళ్ల చెల్లెలు ఇక్కడే ఉందిగా."

రెండో వరసలో ఆ పిల్ల లేచి నిలబడింది. "నాది ఎనిమిది సార్. ఏడు మా అక్కది." మళ్లీ కూర్చుంది, ఆ చోటు అట్లాగే వదిలి.

మిగతా నంబర్లు పిలిచాను. అందరూ పాత నంబర్లకే పలికారు. నేను సరిదిద్దలేదు.

మధ్యాహ్నం మేడం తనే వచ్చింది. "చెబుదామనే అనుకున్నా బాబూ, గుడ్ల గొడవలో పడి మర్చిపోయా. ఏడాది తేడా ఇద్దరికీ. ఒకే రోజు బళ్లో వేశారు, అందుకే వరస నంబర్లు. పెద్దది పోయి మూడు వారాలైంది. నెలాఖరు దాకా పేరు కొట్టెయ్యలా నేను. ఈ పిల్ల రోజూ అక్క నంబరుక్కూడా తనే పలికేది. పలకనిచ్చా. నిన్ననే గీత కొట్టా."

"ఆ గడి ఖాళీగా వదిలేస్తే మేడం?"

"ఖాళీ ఉండకూడదు. పైనుంచి వచ్చినోళ్లు అడిగితే ఏం చెప్పను? ఫోన్లో యాప్ అయితే దానంతటదే జరిపేసింది."

యాప్‌కి చేతిరాత కూడా అక్కర్లేకపోయింది.

వరండాలో పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆ పిల్ల గోడవారగా కూర్చుని గుడ్డు పెంకు వలుస్తోంది. ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఉపాయం ఒకటి తట్టింది. మంచి ఉపాయమేననుకున్నాను. నా ప్రాక్టీసు రికార్డులో రాసుకుంటే మార్కులు కూడా వేస్తారనిపించింది.

"అమ్మా, రేపటి నుంచి నేను నంబర్లు పిలవను. అందర్నీ పేర్లతోనే పిలుస్తా. సరేనా?"

ఆ పిల్ల గుడ్డు పూర్తిగా వలిచింది. పెంకులన్నీ పళ్లెం అంచుకి జరిపింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"పేరుతో పిలిచినా, టిక్కు పెట్టేది మా అక్క గళ్లోనే గదా సార్."