మూడో శనివారం దాకా ఆగు బావా

ఇది మహాయాత్ర కథ. ఇందులో కొండలుండాయి, ఎండలుండాయి, ఒక ముసలామె మొక్కు ఉండాది, ఒక మరణం కూడా ఉండాది. ఇంత చెప్పినాక నిజం ఒప్పుకోవాల. పూతలపట్టు పక్కనుండే మా వూరి నుంచి మేము నడిచింది రెండు దినాలు. నడిచింది ఇద్దరం, నేనూ మా అవ్వ. ఆమెకు మోకాళ్ళ నొప్పి, నాకు నోటి దురద.

మొక్కు నా గురించే. నాకు ఐదేండ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. పిల్లోడు బతికితే వాణ్ణి వెంటబెట్టుకోని కాలినడకన కొండకొస్తానని అవ్వ దేవుడికి మాటిచ్చింది. దేవుడు తన పని రెండు వారాల్లో ముగించినాడు. మా ఇంట్లోవాళ్ళకు మంచి కాలం ఎంచేదానికి పన్నెండేండ్లు పట్టింది.

ఎండాకాలం తారు కరిగి కాళ్ళు బొబ్బలెక్కుతాయి, మొక్కంటే చెప్పులేసుకోకూడదు. ఆ తర్వాత మామిడికాయ కోతలు. కాయలు ఫ్యాక్టరీకి తోలేదాకా మా నాయన కంటికి దేవుడు కూడా కూలికొచ్చినోడి మాదిరే కనపడతాడు. దీపావళి వచ్చే అయిపసి నెలలో వాన పట్టుకుంటే వారం వదలదు. ధనుర్మాసం చలికి అవ్వ మోకాళ్ళు బిగుసుకుపోతాయి. మిగిలింది అయిపసికి ముందొచ్చే పెరటాసి. మా పక్క నెలలు సగం అరవ లెక్కలోనే నడుస్తాయి. పెరటాసిలో ఎండ తగ్గుంటుంది, వాన ఇంకా దిగదు, శనివారాలు స్వామికి ఇష్టం, నెలంతా ఇండ్లల్లో నీసు ముట్టరు. మూడో శనివారానికి కొండమీదుండాలని అవ్వ తేల్చేసింది. సూదులేసే డాక్టరు కూడా, ఈ మోకాళ్ళు ఇంకో ఏడాదికి ఇంత దూరం మొయ్యవని ఆమె మొహంమీదే చెప్పేసినాడు.

అడ్డం ఒకటే. పక్కింట్లో మా తాతకు అన్న, నాకు పెద్దతాత, మంచంలో ఉండాడు. దాయాదుల్లో ఎవరు పోయినా ఏడాది కొండెక్కకూడదు. అంతకు ముందు రెండు పెరటాసులు అట్లనే ఇద్దరు దాయాదులతో కూడా పోయినాయి. దాంతో మా ఇంట్లో పంచాంగం చూసేది మానేసి పెద్దతాత నాలుక చూసేది మొదలుపెట్టినారు.

అవ్వ పూటపూటకూ రాగిజావ కాచి తీసుకుపోయేది. ముప్పై ఏండ్లుగా గట్టు తగాదాలో ఆ ఇంటి నీళ్ళు కూడా ముట్టని మనిషి.

"ఇంకొక గుక్క తాగు బావా."

"ఏందమ్మా, కొత్తగా ఇంత ప్రేమ?"

"ప్రేమా లేదు దోమా లేదు. మూడో శనివారం దాకా ఆగు. ఆదివారం నీ ఇష్టం."

పెద్దతాత ఆ మాటను బేరం మాదిరి ఆలోచించినాడు. "పెరటాసి పోతేగానీ మీ ఇంట్లో కోడి కొయ్యరు. అది తినకుండా నేను యాడికి పోతాను?"

ఆ హామీ మీద గురువారం బయల్దేరినాము.

శుక్రవారం మధ్యాహ్నానికి చంద్రగిరి కోట కనపడింది. ఆ పొద్దు మంగాపురంలో పడుకోని తెల్లారి మెట్లెక్కితే అయిపోయినట్టే. అప్పుడు వెనక మోపెడ్ వినిపించింది. మా చిన్నాయనది. ఆ సైలెన్సర్ మోత మా మండలంలో ఇంకో బండికి లేదు.

అవ్వ తిరిగి చూళ్ళేదు. రెండు చెవుల్లో రెండు వేళ్ళు పెట్టుకుంది. చావు కబురు చెవిన పడితేనే అంటు. పడనంతసేపు మనిషి బతికుండేదే లెక్క.

"అమా, ఒక మాట విను" అంటా చిన్నాయన పక్కనే బండి నడిపినాడు.

"గోవింద గోవింద" అని అవ్వ నడక పెంచింది. ఆ మోకాళ్ళకు అంత వేగముందని డాక్టరుకు తెలీదు. పసుప్పచ్చ గుడ్డలు కట్టుకున్న అరవ భక్తుడొకడు ఇదేదో కొత్త మొక్కనుకోని తను కూడా చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

రెండు ఫర్లాంగులు అట్ల పోయినాక చిన్నాయన బండాపి, నన్ను పక్కకు పిలిచినాడు.

"పొద్దున పోయినాడ్రా. సగం గ్లాసు జావ అట్లనే ఉండాది." కొంచెంసేపు తల్లి వీపునే చూసినాడు. "నాకు నోరు రాలేదు. నువ్వు మూసుకోని ఆమెను పైకి తీసుకపో. నేను మిమ్మల్ని చూళ్ళేదు."

అంటు నాకొక్కడికే తగిలించి బండి తిప్పుకోని వెళ్ళిపోయినాడు. నేను పరిగెత్తి అవ్వను కలుసుకున్నాను. ఆమె ఒక చెవిలోంచి వేలు తీసి, రోడ్డుమీది చూపు మరల్చకుండానే అడిగింది.

"పోయినాడా?"

అడిగింది మోపెడ్ మనిషి గురించి. నేను తలూపితే చాలు. పన్నెండేండ్లు ఆ తలూపు కోసమే గడిచినాయి.

"ఎవురవ్వా? చిన్నాయనా, పెద్దతాతా?" అన్నాను.

ఎందుకన్నానంటే, మాట బాగుందని అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా బాగానే ఉండాది.

అవ్వ రెండో చెవిలోంచి కూడా వేలు తీసేసింది. ఇంక దానికి అక్కడ పని లేదు. రోడ్డు పక్క కిలోమీటరు రాయిమీద కూర్చోని, అరికాళ్ళలో దిగిన ముళ్ళను ఒక్కొక్కటే పీక్కుంది. ఏడవలేదు. నన్ను తిట్టను కూడా లేదు. తిట్టుంటే దానికొక జవాబు నా దగ్గర తయారుగానే ఉండింది.

"ఒక్క దినం నోరు కట్టుకోలేకపోయినావు గదరా" అనింది, అంతే.

చావు వింటే కట్టుగుడ్డతో తలకు పోసుకోవాల. పొలంలో మోటారు నడస్తా ఉంటే ఆ నీళ్ళకింద తల పెట్టింది. నేను కూడా పెట్టినాను. ఆ తర్వాత చిత్తూరు బస్సు చెయ్యెత్తి ఆపినాము. చంద్రగిరి నుంచి పూతలపట్టుకు గంటంబావు. తడిగుడ్డలతో ఉంటే కండక్టరు సీట్లో కూర్చోనివ్వడు, నిలబడాల.