మాట మీద నడిచిన ల్యాబు

రంగూన్ నుంచి ఓడ దిగేనాటికి మార్త తల్లి ఒళ్లో పసిపిల్ల. నలభై ఏళ్లు కావస్తున్నా విజయవాడలో వాళ్ల వాడను అందరూ కాందిశీకుల కాలనీ అనే పిలిచేవారు. ఆ కాలనీలో డిప్లొమా దాకా చదివింది ఆమె ఒక్కతే. ఊళ్లోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రక్టరుగా కుదిరింది.

2001లో కాందిశీకులకు సాయం చేసే ఒక విదేశీ ట్రస్టు ఆ కాలేజీకి పన్నెండు కంప్యూటర్లు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే సామాను ఇచ్చింది. గది కాలేజీది. ట్రస్టు షరతు ప్రకారం సగం సీట్లు కాలనీ పిల్లలకు ఉచితం. నెట్‌వర్కింగ్ పాఠం మార్తది. తాపీపనికి పోయే కాలనీ కుర్రాడు బాలశౌరి ఆర్నెల్లు తిరిగేసరికి కేబులు ఎక్కడ తెగిందో కూర్చున్న చోటు నుంచే చెప్పేవాడు.

మూడేళ్లకు ట్రస్టు మనిషి తనిఖీకి వచ్చాడు. ఓడ దిగిన రోజుల్లో సర్కారు ఇచ్చిన పాత బర్మా కార్డుల్ని మార్త ఇంటింటికీ తిరిగి తెస్తే, వాటిని తిరగేశాడు.

"వీటిలో తాతల పేర్లేగా ఉన్నాయి. ఈ పిల్లలు ఇక్కడే పుట్టారు. కాందిశీకులెలా అవుతారండీ?"

"ఊరంతా మమ్మల్ని అలాగే పిలుస్తుంది గదండీ," అంది మార్త.

అతను కార్డులు తిరిగి ఇచ్చేశాడు. ఒప్పందం పొడిగించలేదు.

మార్త ప్రిన్సిపాల్ వెంకటసుబ్బారావు గారి దగ్గరకు వెళ్లింది. కాలేజీ నాలుగు బ్లాకులకూ కాలనీ పిల్లలే కూలి లేకుండా కేబుళ్లు వేస్తారనీ, వాళ్ల ఉచిత సీట్లు మాత్రం తీసెయ్యొద్దనీ అడిగింది.

"అంతకంటేనా అమ్మా! కానివ్వండి," అన్నాడాయన.

ఆ మే నెల ఎండల్లో పద్నాలుగు మంది కాలిపోతున్న రేకుల కింద పాకుతూ తీగలు లాగారు. బాలశౌరి తాపీపని మానుకుని మరీ వచ్చాడు.

జూన్‌లో నోటీసు బోర్డు మీద కోర్సు ఫీజు అంటించారు. ఎవరికీ మినహాయింపు లేదు.

"మీరు మాటిచ్చారు సార్."

"ఇచ్చానమ్మా. కమిటీ ఒప్పుకోలేదు. రాతపూర్వకంగా ఏమన్నా ఉందా అన్నారు. నన్నేం చెప్పమంటారు? మీ ఉద్యోగానికి ఢోకా లేదులెండి. కోర్సు మీరే చెప్పాలి."

ఆ చివరి మాటకే ఆమెకు ఒళ్లు మండింది. రాజీనామా రాసింది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోంది. రెండు రోజులు ఆ కాగితం బ్యాగులో పెట్టుకు తిరిగి, మూడో రోజు చించేసి క్లాసుకు వెళ్లింది.

తాపీపనిలో చోటు పోయిన బాలశౌరి ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే లారీల మీద కూలికి పోయాడు. ఓ ఆదివారం చర్చి మెట్ల మీద అతని తల్లి అమలమ్మ ఎదురైంది.

"వాళ్లు మోసం చేశారంటే సరే, బయటివాళ్లు. మావాణ్ణి అక్కడికి తోలుకెళ్లింది నువ్వు కదే మార్తా."

 తర్వాతి వారం నుంచి మార్త చర్చిలో తెల్లవారుజాము పూజకు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ వేళకు కాలనీవాళ్లు రారు.