చెయ్యి ఒప్పుకోని బిగువు

ఇల్లందులో మా ట్రాలీ ఆటోలు బాగుచేసే ముసలి మేస్త్రి, ఇంజన్ బోల్టు బిగించేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. జపం చేస్తున్నాడని నవ్వుకునేవాళ్లం. ఎంత బిగిస్తే చాలో తన చెయ్యే చెబుతుందనేవాడు ఆయన.

తర్వాత షుగరొచ్చి వేళ్లకు స్పర్శ పోయింది. వరుసగా రెండు బోల్టులు విరిచాడు. కంపెనీ పుస్తకంలో రాసిన బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచి కొనుక్కొచ్చి, షెడ్డు ఓనర్ చెప్పేశాడు: "ఇంకోటి విరిగితే ఇంజన్ ముట్టొద్దు, పెద్దాయనా."

ఆ రోజు ఆయన ముందున్నది నా ఆటో. ఆఖరి బోల్టు దగ్గర రెంచి టక్కుమంది.

"అయిపాయె మామా. ఇంకేంది, చప్పట్లు కొట్టాల్నా?" అన్నాను.

"అది చాలంటున్నది రా. నా చెయ్యి అంటలేదు."

కళ్లు మూసుకుని, నమ్మకం కోసం ఇంకొక్క పట్టు పట్టాడు. బోల్టు తల తెగి నా చెప్పు మీద పడింది.

ఓనర్ తిట్టలేదు. మెల్లగా వచ్చి ఆయన చేతిలోంచి రెంచి తీసుకున్నాడు. మేస్త్రి కళ్లు తెరవలేదు. రెంచి పోయిన సంగతి వేళ్లకు తెలియలేదేమో, ఖాళీ పిడికిలి ఇంకా అలాగే బిగుసుకుని ఉంది.