గూడ్రున్ నంబరు

గూడ్రున్‌కు బొటనవేలు లేదని ఫోను తేల్చి చెప్పింది. అది మే నెలలో ఓ సోమవారం పొద్దున, ఆవిడ పక్కింట్లో, అంటే మా వంటింటి బల్ల దగ్గర. వేలు ఆనించమంటుంది, ఆనిస్తే గుర్తుపట్టలేదంటుంది, మళ్ళీ ఆనించమంటుంది. పదకొండోసారికి ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఏమే యోన్నా, ఇంకొక్కసారి మళ్ళీ అందంటే దీన్ని తీసుకెళ్ళి మీ పందుల తొట్లో పడేస్తాను!"

"ఫోను తప్పేముంది అక్కా? నీ వేలి మీద గీతలుంటే కదా అది చదివేది," అన్నాను.

నిజంగానే లేవు. మా సామ్సో దీవి ఇసుక నేలలో యాభై ఏళ్ళు బంగాళాదుంపలు తవ్వితే వేలిముద్రలు మిగలవు. డెబ్బై రెండేళ్ళ మనిషి, పలుగు కన్నా చేతులనే ఎక్కువ నమ్ముకుంది. ఒక్కో వేలూ పెట్టి చూశాం. చివరికి ఎడమచేతి చిటికెన వేలును మాత్రం ఫోను ఒప్పుకుంది.

"ఇదా!" అంది గూడ్రున్ దాన్ని ఎగాదిగా చూసి. "పనిదొంగ! ఇన్నేళ్ళూ తక్కిన వేళ్ళ చాటున తప్పించుకు తిరిగిందన్నమాట."

ఆవిడకు ఈ వయసులో ఈ తంటా ఎందుకో చెప్పాలి. గూడ్రున్ భర్త ఆక్సెల్ పోయి మూడేళ్ళయింది. పొలమూ ఇల్లూ ఆక్సెల్ అన్న ప్రేబెన్‌వి. తమ్ముడూ మరదలూ పెరటివైపు రెండు గదుల్లో ఉంటూ జీవితమంతా అక్కడే చాకిరీ చేశారు. రోడ్డు పక్కనున్న చెక్క బడ్డీ, దాని వెనక అరెకరం మడి మాత్రం మొదటినుంచీ గూడ్రున్ సామ్రాజ్యం. విత్తడం, తవ్వడం, కడగడం, కాగితపు సంచుల్లో నింపడం అన్నీ ఆవిడే. బడ్డీ దగ్గర ఎవరూ కూర్చోరు. వచ్చినవాళ్ళు సంచి తీసుకుని రేకు డబ్బాలో చిల్లర వేసి పోతారు. సాయంత్రం ఆ డబ్బా ఆవిడ ఏప్రన్‌లో బోర్లించుకునేది.

తరవాత జనం జేబుల్లోంచి చిల్లర మాయమైంది. అందరూ ఫోనుతోనే పంపడం మొదలుపెట్టారు. అప్పుడు ప్రేబెన్ పెద్దమనిషిలా వచ్చి, "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, నా నంబరు రాసేస్తాలే," అని బడ్డీ బోర్డు మీద తన నంబరు రాసుకున్నాడు. అంతే. దుంపలు ఆవిడవి, డబ్బు ఆయనది. ఆవిడ పింఛను కూడా ఇంటి ఖాతాలోకే వెళ్ళేది, ఆ ఖాతా ఉండేది ఆయన ఫోనులోనే. నాకు ఆ మనిషంటే మొదటినుంచీ పడదు, దాచుకోవడం దేనికి? అడిగితే ఇవ్వడని కాదు. ఇస్తాడు. ఎందుకో చెబితే ఇస్తాడు.

మొన్న చలికాలంలో గూడ్రున్ తోడబుట్టిన అక్కకు ఆల్బోర్గ్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. వెళ్ళి చూసి రావడానికి పడవ ఖర్చులు అడిగితే, "మొన్న క్రిస్మస్‌కి చూశావుగా?" అన్నాడట. ఆ మాట నాతో చెప్పినప్పుడు గూడ్రున్ ఏడవలేదు. కాఫీ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"నా చేత్తో తవ్విన దుంపల డబ్బుతో నా తోడబుట్టిన దాన్ని చూసి రావడానికి, నేను ఇంకొకరి ముందు చెయ్యి చాచాలా? ఇంక చాచను. నాకో ఖాతా తెరిచిపెట్టు."

దీవిలో బ్యాంకు శాఖ మూతపడి చాలాకాలమైంది. ఇప్పుడు ఖాతా అంటే ఫోనే. పాస్‌పోర్టు ఫోటో తీశాం, మొహం చూపించమంటే చూపించాం, నవ్వద్దంటే ఆవిడ పంతం పట్టి నవ్వింది. చిటికెన వేలు గొడవ కూడా తీరాక తెర మీద ఒక వాక్యం వచ్చింది: "గూడ్రున్, మీ ఖాతా సిద్ధంగా ఉంది." ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని పైకే మూడుసార్లు చదివింది. మూడుసార్లూ తన పేరు దగ్గర ఆగింది.

పింఛను కూడా అటు మార్పించింది. జూన్ ఒకటిన మొదటిసారి అది ఆవిడ ఖాతాలో పడింది. ఆ రోజే బోర్డు మీది పాత నంబరుకు నల్లరంగు కొట్టి, తెల్లరంగుతో తన నంబరు రాసింది. తెల్లవారేసరికి ఆ బోర్డు లేదు. దాని చోట ఇంకా పెద్దది, కొత్తది. దాని మీద ప్రేబెన్ నంబరు.

గూడ్రున్ లావుపాటి కలం తీసుకుని ఒక్కో కాగితపు సంచి మీదా తన నంబరు రాసింది. నూట ఇరవై సంచులు. నేను సాయం చేస్తానంటే కసిరింది.

శనివారం పడవ దిగిన కార్లు బడ్డీ ముందు ఆగాయి. ఆ రోజు గూడ్రున్ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంది, పక్కన నేను. ఒకాయన సంచి పట్టుకుని బోర్డు వైపూ సంచి వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడ రెండు నంబర్లున్నాయేంటండీ? ఎవరికి పంపాలి?"

"తవ్వినవాళ్ళకి పంపండి," అంది గూడ్రున్ తన రెండు చేతులూ చూపించి.

ఆయన సంచి మీది నంబరుకే పంపాడు. ఆ వెనకవాళ్ళూ అంతే. ఈలోగా ట్రాక్టరు మీద ప్రేబెన్ దిగాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏంటిది గూడ్రున్? నలుగురిలో నా పరువు తీస్తావా? ఈ నేల నాది, ఈ బడ్డీ నిలబడ్డ చోటు నాది!"

"మీదే బావగారూ, ఎవరు కాదన్నారు? కౌలెంతో చెప్పండి."

"కౌలా?" ప్రేబెన్ నవ్వాడు. "నువ్వు నాకు కౌలిస్తావా? సరే, మూడు వేల క్రోనర్లు! ఏడాదికి! తే, చూద్దాం."

ఆవిడ బెదురుతుందనుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు సంచులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. గూడ్రున్ కళ్ళద్దాలు పెట్టుకుంది. ఫోను తీసింది. తలెత్తి, ఆయన పెద్ద అక్షరాలతో రాయించుకున్న బోర్డు మీది నంబరు చూస్తూ ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కింది. తొందరపడలేదు.

ప్రేబెన్ చొక్కా జేబులో ఫోను టింగుమంది. అందరికీ వినబడింది.

"ముట్టిందా బావగారూ?" అంది గూడ్రున్. "ఏడాది కౌలు. ఇంతమంది సాక్షులు. ఇప్పుడు ఈ మడీ, ఈ బడ్డీ నావి. మీ బోర్డు మీ పొలంలో ఎక్కడైనా పాతుకోండి, ఇక్కడ మాత్రం తీసేయండి."

ఆయన ఫోను తీసి చూసుకున్నాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అడిగిన సొమ్ము ముట్టింది కదా, బోర్డు దగ్గరికెళ్ళి దాని గుంజ పట్టుకు లాగాడు. గుంజ లోతుగా పాతించుకున్నాడేమో, అది ఊడి రావడానికి చాలాసేపే పట్టింది. అంతసేపూ గూడ్రున్ సంచులు అమ్ముతూనే ఉంది.