బాంబులతో దిగే విమానం

ఆ ఇంటి చరిత్రను రెండు యుగాలుగా విభజించవచ్చు: ఫ్యాన్ తిరిగిన యుగం, ఫ్యాన్ ఆగిన యుగం. మొదటి యుగానికి ఆధారాలు తక్కువ. పెళ్ళయిన కొత్తలో తీసిన ఫొటోల్లో భార్యాభర్తలిద్దరి జుట్టూ ఒకే దిక్కుకు ఎగిరి ఉండడాన్ని బట్టి, అప్పట్లో హాల్లో గాలి ఆడేదని మాత్రం చెప్పగలం. రెండో యుగం ఒక ఆదివారం పొద్దున మొదలైంది. ఇంటాయన బల్ల ముందు కూర్చుని, చీమ తలకాయంత అంకె ఉన్న స్టిక్కరును నీళ్ళలో నానబెట్టి, పట్టకారుతో ఎత్తి, చిన్న ప్లాస్టిక్ విమానం రెక్క మీద దించబోతుంటే, అది గాలికి లేచి నేరుగా ఆయన భార్య టీ కప్పులో వాలింది. ఆమె చూసుకోకుండా తాగేసింది. ఆనాటి నుంచి ఆయన బల్ల ముందు కూర్చునే ముందు స్విచ్చి నొక్కడం, చుట్టాలతో సహా అందరూ చెమటలు కక్కడం శాసనమైంది. దాన్ని రాతి మీద చెక్కించలేదు గానీ, స్విచ్చి పక్కన గోడ మీద వేలి మరక మాత్రం శాశ్వతంగా నిలిచింది.

వీధిలో ఆయన్ను కళ్ళజోళ్ళాయన అంటారు. కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలను అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన ఉద్యోగం. సాయంత్రాలు ఓడల మీద నుంచి ఎగిరే యుద్ధవిమానాలకు నమూనాలు చేయడం ఆయన వ్యసనం. పేకాట కన్నా మేలేనని భార్య మొదట్లో ఊరుకుంది. పేకాటరాయుళ్ళు ఫ్యాన్ ఆపరని తర్వాత తెలిసింది.

ఈ వ్యసనంలో ఆయనకొక నిష్ఠ ఉంది. నమూనా పెట్టెలో వచ్చే కాగితం, పెట్టెలో ఉన్న ఆయుధాలన్నీ రెక్కల కింద తగిలించమంటుంది, బీరువాలోని నగలన్నీ ఒక్క మనిషికే దిగేసినట్టు. ఆయనకది గిట్టదు. ఏ విమానం ఏ రెక్క కింద ఏం మోసిందో ఫొటో సాక్ష్యం లేనిదే ఒక్క క్షిపణి కూడా అతికించడు. ఎవరైనా ఇంటికొచ్చి "భలే ఉందండీ" అంటే సంతోషించడు. ఏం తప్పు కనిపించి మొహమాటానికి అలా అన్నారోనని ఆ వారమంతా మథనపడతాడు.

ఆయన బెంగలన్నిటికీ పెద్ద దిక్కు బావగారు, అంటే భార్యకు అన్నగారు. ఆయన నౌకాదళంలో చేసి రిటైరైన మనిషి. విమానాలు మోసే ఓడ మీద, ఎర్ర జెర్సీ వేసుకుని, విమానాల రెక్కల కింద బాంబులు తగిలించే బృందానికి పెద్దగా ఉండేవారు. ఇంజన్ల హోరులో చెవులు సగం పోయాయి. ఈ మధ్య కళ్ళలో పొరలు కమ్మి చూపూ మందగించింది. కళ్ళజోళ్ళాయన చేసిన విమానాలను బావగారు ఎప్పుడూ పట్టించుకోలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకదాన్ని చూసి, "బావగారూ, దీనికి తాళంచెవి ఎక్కడ తిప్పాలి?" అన్నారు. తన విమానాన్ని కీ ఇచ్చే ఆటబొమ్మ చేసేసిన ఆ మాట కళ్ళజోళ్ళాయన గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి బావగారు, పోయిన నెల ఫోన్ చేసి, "బావగారూ, నేను బాంబులెక్కించిన విమానం ఒకటి చేసిపెడతారా? చూపు పూర్తిగా పోకముందే చేతిలో పట్టుకోవాలనుంది" అని అడిగారు. పాత ఫొటో ఒకటి పంపారు. రెక్క కింద నాలుగు బాంబులు, పక్కన ఎర్ర జెర్సీలో మీసాలు నల్లగా ఉన్న బావగారు.

కళ్ళజోళ్ళాయన సెలవులు పెట్టి కూర్చున్నాడు. నేల మీది స్థావరాల బాంబులు నున్నగా ఉంటాయి. ఓడ మీది బాంబులకు మాత్రం, నిప్పంటుకున్నా వెంటనే పేలిపోకుండా, పైన గరుకు పూత పూస్తారు. ఆ గరుకు కోసం ఆయన షాపులో అద్దాలు అరగదీసినప్పుడు రాలిన పొడిని పోగుచేసి, పెయింటులో కలిపి, పాత టూత్ బ్రష్షుతో పొడిచి పొడిచి వేశాడు. ముక్కుల దగ్గర పసుపుపచ్చ గీతలు గీశాడు. గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాడు, భార్యను కూడా బిగబట్టమన్నాడు. ఆ నాలుగు బాంబులంత గొప్పగా ఆయన జీవితంలో ఇంకేదీ కుదరలేదు.

అన్నీ అయ్యాక ఒక్క చిన్న సోకు చేసుకున్నాడు. ఓడ మీద దిగే విమానానికి తోక కింద కొక్కెంలాంటి హుక్కు ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని కిందికి దించితే డెక్కుకు అడ్డంగా కట్టిన తాడును పట్టుకుని విమానం ఆగుతుంది. నేల విమానానికీ ఓడ విమానానికీ చూడగానే తేడా తెలియాలని, ఆ హుక్కును కిందికి దించి గట్టి జిగురుతో అతికించేశాడు.

ఇవ్వడానికి వెళ్ళే రోజు పొద్దున్నే బావగారు చెల్లెలికి ఫోన్ చేశారు. చెవులు సరిగా వినిపించవు గనుక ఆయన ఎప్పుడూ అరుస్తూనే మాట్లాడతారు. ఆమె ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని బీన్స్ తరుగుతోంది.

"మా ఆయన నిద్రలో కూడా బాంబులే కలవరిస్తున్నారన్నయ్యా" అంది నవ్వుతూ.

"బాంబులంటే గుర్తొచ్చిందే అమ్మాయ్. ఒకసారి కొత్త పైలట్టొకడు నాలుగు బాంబులూ అలాగే వేలాడదీసుకుని దిగడానికొచ్చాడు. అంత బరువుతో దిగనిస్తామటే? తాడైనా తెగుద్ది, చక్రాలైనా విరుగుతాయి. పోయి సముద్రంలో పారేసి రమ్మన్నాం. హుక్కు దించాడంటే రెక్కలు ఖాళీగా ఉండాల్సిందే. ఆ మాత్రం తెలీని వెధవ..."

బల్ల ముందు కూర్చున్న కళ్ళజోళ్ళాయనకు ఆ తర్వాతి మాటలు వినపడలేదు. విమానం వంక చూశాడు. హుక్కు దిగి ఉంది. నాలుగు బాంబులూ నిక్షేపంగా వేలాడుతున్నాయి. ఆ మాత్రం తెలీని వెధవ ఎవరో ఆయనకు అద్దంలో చూసుకున్నంత స్పష్టంగా తెలిసింది.

"ఏమండీ, ఏమైంది? మొహం అలా పాలిపోయింది?"

"బాంబులతో దిగుతోంది."

"ఏది?"

"మీ అన్నయ్యగారి విమానం."

ఆమె విమానాన్ని ఇటూ అటూ చూసింది. "పైకెగురుతోందనుకోవచ్చుగా?"

"హుక్కు దించుకుని ఎవరైనా ఎగురుతారా?"

"నన్నడిగితే? నేనెప్పుడైనా ఎగిరానా? ఆ హుక్కు పీకెయ్యండి."

పీకడం మాటలు కాదు. హుక్కు పట్టుకుని లాగితే తోక అతుకు విడిపోవచ్చు, తోక విడిపోతే పెయింటు పగుళ్ళిస్తుంది, పగుళ్ళిస్తే నెల రోజుల పని గంగపాలు. పట్టకారుతో హుక్కును పట్టుకున్నాడు, వదిలేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు. బాంబులు మాత్రం సన్నని పుల్లల మీద నిలబడ్డాయి. వాటిని తీస్తే విమానానికి గాయం కాదు. గాయమైతే ఆయనకే అవుతుంది.

చివరికి బ్లేడు తీసుకుని, కన్నబిడ్డల చెవులు కుడుతున్నట్టు మొహం పెట్టి, నాలుగు బాంబులనూ ఒక్కొక్కటిగా కోసి తీశాడు. వాటిని పాత కళ్ళజోడు డబ్బాలో దూది మీద పడుకోబెట్టి జేబులో వేసుకున్నాడు. ఎందుకన్నది ఆయనకే తెలియదు. జిగురు సీసా కూడా అదే జేబులో పడింది.

బస్సులో విమానం పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గతుకుకూ కళ్ళు మూసుకున్నాడు. "బాంబులెక్కించిన విమానం కావాలన్నారు ఆయన. ఖాళీ రెక్కలతో తీసుకెళ్తున్నాను" అన్నాడు భార్యతో.

"పోనీ చెప్పండి, తప్పు జరిగిందని."

"తప్పు జరగలేదు. ఇప్పుడు సరిగ్గానే ఉంది. అదే బాధ."

"మీతో కాపురం ఎలా చేశానో నాకే అర్థం కాదు" అందామె, కిటికీలోంచి వచ్చే గాలికి ముఖం పెట్టి. బస్సులో గాలిని ఆపే స్విచ్చి లేదు.

బావగారింట్లో హాల్లో ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోంది. బావగారు సోఫాలో నిటారుగా కూర్చుని రెండు చేతులూ చాపారు. కళ్ళజోళ్ళాయన విమానాన్ని ఆ చేతుల్లో పెట్టి, తన చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

బావగారు దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోలేదు. వేళ్ళతో తడిమారు. ముక్కు, రెక్క అంచు, చక్రాలు. ఆ తర్వాత వేళ్ళు రెక్క కిందికి వెళ్ళాయి. అక్కడ వాటి నడక మారింది. బాంబులు తగిలించే ఒక్కొక్క పుల్ల దగ్గరా ఆగి, నొక్కి, చిన్నగా మెలితిప్పి ముందుకు జరిగాయి. నాలుగో దాని దగ్గర ఆగిపోయాయి.

"బాంబులేవి బావగారూ?"

కళ్ళజోళ్ళాయన జేబు మీద చేయి వేసుకున్నాడు. "సముద్రంలో పారేసొచ్చిందండీ. హుక్కు దించాను కదా."

"ఆఁ?"

"హుక్కు దిగి ఉందండీ" అని అరిచాడు. ఆయన బావగారి ఎదుట గొంతు పెంచడం అదే మొదటిసారి. "రెక్కలు ఖాళీగా లేకపోతే మీరు దిగనివ్వరుగా."

వంటింటి గుమ్మంలో ఆయన భార్య, చెల్లెలూ టీ కప్పులతో ఆగిపోయారు. కళ్ళజోళ్ళాయనకు తాళంచెవి మాట గుర్తుకొచ్చింది.

"అయితే మీకు తెలుసన్నమాట" అన్నారు బావగారు చివరికి. ముక్కుతో చిన్నగా నవ్వారు. "మా ఓడ మీదే సగం మందికి తెలీదు. మరి చేసిన బాంబులు ఏం చేశారు?"

కళ్ళజోళ్ళాయన డబ్బా తెరిచి ఒక బాంబును ఆయన అరచేతిలో పెట్టాడు. బావగారు బొటనవేలితో దాన్ని రుద్దారు. ఇంకోసారి రుద్దారు. వేలు అక్కడే ఉండిపోయింది.

"గరుకు పెట్టారే" అన్నారు. ఆ మాట మాత్రం అరవకుండా అన్నారు.

"అద్దాల పొడండీ."

"అతికించండి."

"తప్పవుతుందండీ. హుక్కు..."

"నేనెక్కించేవాణ్ణి బావగారూ. ఎవడెలా దిగాడన్నది నా డ్యూటీ కాదు. ఎక్కడుందా హుక్కు?"

బావగారి వేళ్ళు తోక కిందికి వెళ్ళి వెతికాయి. "ఇదేనా?" అంటూనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్క తిప్పు తిప్పారు. టిక్కుమంది. కళ్ళజోళ్ళాయన ప్రాణం పైకి లేచి, తోక చెక్కుచెదరలేదని చూసుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు ఎగరబోతోంది" అన్నారు బావగారు. "ఎక్కిద్దాం పట్టండి. ముందు ఆ ఫ్యాన్ కట్టెయ్యవే, బాంబులెక్కించేటప్పుడు గాలేమిటి?"

బావగారి భార్య స్విచ్చి నొక్కింది. చెల్లెలు పమిట చెంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. కళ్ళజోళ్ళాయన జిగురు చుక్క పెట్టాడు, బావగారు బాంబు పెట్టి నొక్కారు, మెలితిప్పి చూశారు, తల ఊపారు. అలా ఒకటి తర్వాత ఒకటి. ఇద్దరి ముక్కుల మీదా చెమట పట్టింది, ఎవరూ తుడుచుకోలేదు.

విమానం ఇప్పుడు బావగారి టీవీ పక్కన ఉంది.

హుక్కు మర్నాడు చీపురుకు దొరికింది.