కుళాయిలో చీమలు

వీధిలో అందరికీ ఆమె కత్తెరక్క. పదకొండేళ్ళుగా రెండు కుర్చీలు, నిలువుటద్దం, తల కడిగే తొట్టి ఉన్న ఒకే గదిలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తోంది. మహా మాటకారి. కూర్చున్నవాళ్ళు ఆమె కబుర్లలో పడిపోయి, జుట్టు ఎంత కురచైందో లేచాక గాని చూసుకునేవారు కాదు.

ఆ ఉదయం స్కూలు టీచరొకావిడ వచ్చి తొట్టిలోకి తల వాల్చింది. కత్తెరక్క వేడినీళ్ళు తిప్పింది.

"అక్కా, చెవి వెనక చీమలు పాకుతున్నట్టుందేంటి?"

"ఇక్కడ చీమలెక్కడివమ్మా!" అని కత్తెరక్క నవ్వేలోపే, టీచరు లేవబోయి తడిచేత్తో కుళాయి పట్టుకుంది. కెవ్వుమని చెయ్యి విదిలించుకుంది.

కత్తెరక్క తన చేతుల వంక చూసుకుంది. జుట్టుకి వేసే రంగు చేతులకు అంటకుండా రోజంతా రబ్బరు తొడుగులు వేసుకునే ఉంటుంది. అందుకే తనకేమీ తెలియలేదు. నీళ్ళ హీటరు బిగించి వారమైంది. ఈ వారంలో ఎన్ని తలలు ఈ తొట్టిలో పెట్టిందో తలుచుకోవడానికి ధైర్యం చాలలేదు. టీచరును బయట కూర్చోబెట్టి, తొడుగు మీద తొడుగు వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మెయిన్ స్విచ్చు కిందికి లాగింది.

హీటరు బిగించింది భర్త అన్నగారు. ఇంట్లో ఏ వైరు తెగినా ఆయనే అతికేవారు. ఫోన్ చేస్తే తేలిగ్గా తీసేశారు.

"నేను పెట్టిందేగా అమ్మాయ్! మధ్యాహ్నం వచ్చి చూస్తాలే."

"రండి బావగారూ. కానీ చెయ్యి పెట్టకండి. లైసెన్సున్న మనిషిని పిలుస్తున్నాను."

అనేశాక తన మాటకు తనే ఉలిక్కిపడింది. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

నెరిసిన మీసాల ఎలక్ట్రీషియన్ వచ్చి, అడక్కుండానే లైసెన్సు కార్డు చూపించాడు. హీటరు విప్పి చూసి నిట్టూర్చాడు.

"లోపల కాయిల్ చిట్లిందమ్మా. అది ఎవరింట్లోనైనా జరిగేదే. అప్పుడు కరెంటు ఎర్త్ వైర్లోంచి నేలలోకి పోవాలి. ఇక్కడేమో ఆ వైరు తెచ్చి కుళాయి పైపుకి చుట్టారు. గోడ లోపలంతా ప్లాస్టిక్ పైపే, ఇక కరెంటు ఎటు పోతుంది? కుళాయిలోనే ఉండి, ముట్టుకున్నవాళ్ళని పట్టుకుంటుంది. బల్బు మార్చుకోండి, ఎవరొద్దన్నారు? నీళ్ళున్నచోట, కొత్త లైను లాగేచోట, ముట్టుకుంటే జిల్లుమనేచోట మాత్రం మాలాంటివాళ్ళని పిలవండి."

గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో! ఇక ఇల్లెగిరిపోయేలా అరుస్తారనుకుని కత్తెరక్క బిక్కచచ్చిపోయింది. ఆయన అరవలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మా బాత్రూంలో కూడా ఇలాగే చుట్టాను," అన్నారు. "మీ అక్క స్నానానికి వెళ్ళే వేళ."

భార్యకు ఫోన్ కలిపారు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ కలిపారు. ఏడో మోతకు కాబోలు, గొంతు వినిపించింది.

"ఏంటండీ, తలకి నూనె రాసుకుంటున్నాను..."

"నీళ్ళు ముట్టుకోకు!" అని ఆయన పెట్టిన కేకకు వీధిలోని టీచరు కూడా లేచి నిలబడింది.

ఎలక్ట్రీషియన్ సంచి భుజాన వేసుకున్నాడు. "పదండి, ముందు మీ ఇంటికే."

మర్నాటికి రెండుచోట్లా కొత్త లైన్లు పడ్డాయి. ఎలక్ట్రీషియన్ అన్నీ పరీక్షించి, భయం లేదని చెప్పి వెళ్ళాడు. అయినా కత్తెరక్క ఎవరినీ కూర్చోనివ్వలేదు. ముందు తనే తొట్టిలోకి తల వాల్చింది. తోటికోడలు కుళాయి తిప్పింది.

"ఏమైనా తెలుస్తోందా చెల్లీ?"

"వేడి," అంది కత్తెరక్క, కళ్ళు తెరవకుండానే. "ఇంకాసేపు పొయ్యక్కా, నమ్మకం కుదరాలి."